చిలక తీసిన ఖాళీ అట్ట

బొర్రా దాటాక వచ్చే సొరంగాల్లో ఒకదాని నుదుటి మీద నాలుగు అంకె ఉంటుంది. దానికి ఒకప్పుడు తోక ఉండేది. కిందికి దిగిన గీత ఊరికే ఆగిపోకుండా, ఎడమవైపు కాస్త తిరిగి, మేక తోకలా పైకి లేచేది. మొన్న ఆఫీసు పని మీద కిరండూలు పాసింజరులో వెళ్తూ కిటికీలోంచి చూశాను. తోక లేదు. ఎవరో రేకు అచ్చు పెట్టి, తెల్లరంగు కొట్టి, ప్రభుత్వం మెచ్చే నాలుగు వేసిపోయారు.

అరకులో దిగి, స్టేషను బయట టీకొట్టతన్ని అడిగాను, ఆ తోక వేసిన బోర్డులప్ప ఎలా ఉందని. "పోయింది బాబూ, మొన్న వానల్లో" అన్నాడు గ్లాసు కడుగుతూ. ఆ తర్వాత పంచదార ఎంత వెయ్యమంటారని అడిగాడు.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. డెబ్బైల మొదట్లో ఆ ఊళ్ళో గుమస్తాగా ఉన్నన్నాళ్ళూ వారానికి రెండు మూడుసార్లు ఆమె రేకుల పంచలో కూర్చున్నవాణ్ణే, అడగలేదు. నా పేరు నేను చెప్పాను, ఆమె వాడలేదు. "బియ్యే బాబు" అనేది. ఆ పిలుపులో గౌరవమెంతో వెక్కిరింతెంతో తేల్చుకోడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. గౌరవం తక్కువే.

రైలుమార్గం వేస్తున్నప్పుడు సొరంగాలకి అంకెలు వెయ్యడానికి కాంట్రాక్టు మీద వచ్చిన పెయింటరు భార్య ఆమె. మొగుడికి చేతులు వణకడం మొదలయ్యాక అతను నిచ్చెన పట్టుకుంటే ఆమె ఎక్కి రాసేది. లైను పూర్తయింది, మొగుడు పోయాడు, నిచ్చెన మిగిలింది. అంత పొడుగు నిచ్చెన బస్సులో ఎక్కించుకోనన్నాడట కండక్టరు. అందుకే ఉండిపోయానని చెప్పేది. సంతలో కొట్లకి బోర్డులు రాసుకుంటూ బతికేది.

ఆమె అడ్డపొగ తాగేది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: మా వైపు ఆడవాళ్ళు చాలామంది చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. నోరు ఎందుకు కాలదో నాకిప్పటికీ తెలియదు. నోట్లో నిప్పుండగా ఎవరూ ఉపన్యాసం మాత్రం ఇవ్వలేరు. మన నాయకులకి ఈ అలవాటు లేకపోవడం దేశానికి కొంత నష్టమే. బోర్డు రాస్తున్నంతసేపూ ఆమె చుట్ట లోపలే ఉండేది, వ్యవహారమంతా 'ఊఁ'ల మీద నడిచేది. కొట్టాయన తన పేరు ఇంకా పెద్దగా రాయమంటే ఒక 'ఊఁ', రంగు ఎప్పుడారుతుందంటే ఒకటి, నేను జోకు వేస్తే ఒకటి. చివరిది అన్నిటికన్నా పొట్టిది. చుట్ట బయటికి తీసిందంటే మాత్రం ఎదుటివాడు సర్దుకు కూర్చోవాలి. ఒకటో రెండో మాటలు వచ్చేవి. ఆ తర్వాత చుట్ట మళ్ళీ లోపలికి.

ఒక ఏడాది శుక్రవారం సంతకి విజయనగరం వైపు నుంచి చిలక జోస్యం ఆయన ఒకడు రావడం మొదలుపెట్టాడు. అతని చిలక పేరు కలెక్టరు. మూడుసార్లు పిలిస్తేగాని పంజరంలోంచి రాదు. వచ్చాక ఒక కాగితం చూసి, అవతల పడేసి, లోపలికి వెళ్ళిపోతుంది. ఒకరోజు ఘాటీలో వానకి అతని సంచీ తడిసి, దేవుళ్ళ అట్టలన్నీ అతుక్కుపోయాయి. ముద్దని తెచ్చి బోర్డులప్ప ముందు పెట్టి, కొత్తవి గియ్యమన్నాడు. నేను అక్కడే ఉన్నాను, ఆఫీసు వేళ గనక.

ఏ దేవుడు వస్తే ఏం చెబుతావని అడిగింది. రాముడొస్తే కష్టాలు తీరతాయంటాననీ, లక్ష్మి వస్తే ఇల్లు నిండుతుందంటాననీ చెప్పాడు. తీరుతున్నాయా, నిండుతోందా అంది. అతను నిజాయితీపరుడు. మర్నాటికి తను వేరే సంతలో ఉంటాను గనక తెలియదన్నాడు.

చుట్ట బయటికి వచ్చింది. "దేవుళ్ళని ఒగ్గీ. ఈళ్ళకి నిజంగా ఏటొత్తాదో అది గీత్తాను."

నాకు ఉత్సాహం వచ్చింది. అట్టకొకటి చొప్పున కింద రాయడానికి ముప్ఫై రెండు చమత్కారాలు, రెండు పనిదినాలు కూర్చుని ఆఫీసు కాగితాల మీదే రాసి, తీసుకెళ్ళి చదివి వినిపించాను. ముప్ఫై రెండూ వింది. మధ్యలో ఒక్క 'ఊఁ' కూడా లేదు. చివర చుట్ట తీసి, "సదవడం వొచ్చినోడికి సిలకెందుకు బాబూ?" అని, నా కాగితంతో కుంచె తుడుచుకుంది. ఎర్రరంగు పడ్డాక ఆ కాగితం మునుపటికన్నా బాగుందన్న సంగతి అప్పుడు ఒప్పుకోలేకపోయాను.

మొదటి కట్ట తన బోర్డుల డబ్బాల్లో మిగిలిన ఎనామిల్ రంగులతో వేసింది. నిగనిగలాడుతూ ఉంది. సంతలో కలెక్టరు బయటికి వచ్చి, అట్టల దగ్గర ముక్కు పెట్టి, పంజరం ఊచకి ముక్కు రాసుకుని లోపలికి పోయింది. మళ్ళీ పిలిస్తే వీపు తిప్పింది. ఎనామిల్ వాసన దానికి పడలేదు. జోస్యానికి కూర్చున్న ముసలావిడ, తనకి ఇక రావలసినవేవీ లేవని చిలకే చెప్పిందని సంతోషపడి లేచిపోయింది. చిలకాయన తలపట్టుకున్నాడు. బోర్డులప్ప పంజరం ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చిలకని చూసింది. "నా పనికి ఒంకెట్టినోళ్ళలో ఇవరం తెలిసినోడు ఇన్నేళ్ళకి నువ్వొక్కడివే దొరికేవు" అని దానితో అంది.

ఆ తర్వాత పదిహేను రోజులు కనబడలేదు. అనంతగిరి వైపు పల్లెల్లో ఆడవాళ్ళు గోడలు అలుకుతుంటే పక్కన కూర్చుని చూసిందట. ఎర్రమన్ను, తెల్లసుద్ద, దీపపు మసి, పసుపు, వీటిని చింతగింజల జిగురుతో కలిపి, సబ్బుల పెట్టెల అట్టల మీద రెండో కట్ట వేసింది. కలెక్టరు మొదటి పిలుపుకే వచ్చింది. ఒక అట్ట మూల పసుపు కొరికి తినేసింది కూడా.

ఆ బొమ్మలు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. ముక్కు పొగమంచులో, వెనక భాగం జనం భుజాల మీద ఉన్న బస్సు. డాక్టరుగారి కుర్చీ, అందులో బాలింత పిల్లి. పనసపండు ముగ్గేదాకా చెట్టు కిందే కూర్చున్న మనిషి, అతని నెత్తికి జానెడు పైన పండు. దుమ్ము రేపుకుంటూ వస్తున్న జీపు, జీపులో ఎవరూ లేరు. మొగుడు గంజి వారుస్తుంటే మంచం మీద కాళ్ళు చాపుకున్న ఆడమనిషి. ఈ చివరి అట్ట కోసం ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ కూర్చునేవారు. పాపం చిలకాయనకి వచ్చినవి రాముడి మాటలూ లక్ష్మి మాటలూనే. పిల్లి వస్తే ఏం చెప్పాలో తెలియక అతను నీళ్ళు నమిలేలోపు, కూర్చున్నవాళ్ళే బొమ్మ చూసి తమ జోస్యం తాము చెప్పుకుని, చుట్టూ ఉన్నవాళ్ళని నవ్వించి లేచేవారు. విడ్డూరమైన సంగతి ఏమిటంటే, అవన్నీ నిజమయ్యేవి.

ఆ కట్టలో ఒక చెయ్యి ఉంది. అట్ట నిండా ఒక్క చెయ్యే, పై నుంచి దిగుతూ, అయిదు వేళ్ళూ విప్పి. దాని కింద అల్లంతో, గుమ్మడికాయలతో నిండిన చిన్న బుట్ట. అంతే. అల్లం అమ్ముకునే ఒకావిడకి మొదటిసారి అది వచ్చింది. చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఈ సెయ్యి నానెరుగుదును" అంది. "వారం వారం నా బుట్టలోకొత్తాది."

సంతకి వచ్చే ప్రతి బుట్టకీ ఆశీలు, అంటే సంత పన్ను, ఉంటుంది, అది సంతని వేలంలో పాడుకున్న పాటదారు వసూలు చేసుకుంటాడు. దానికి రసీదు ఉంది. రసీదు లేనిది ఆ తర్వాత జరిగేది. ఆయన మనుషులు ప్రతి బుట్టలోనూ చెయ్యి పెట్టి, రెండు చేతులకి పట్టినంత తీసుకునేవాళ్ళు. ఎందుకని ఎవరూ అడగరు. కొండ దిగి పది మైళ్ళు మోసుకొచ్చిన అల్లం. ఆ చెయ్యి అట్టకెక్కిన మూడో వారానికి సంతలో కొత్త అలవాటు వచ్చింది. పాటదారు మనిషి బుట్టలో చెయ్యి పెట్టగానే పక్కన ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వేవారు. అడిగితే ఏమీ లేదనేవారు.

నవ్వు మీద ఆశీలు లేదు గనక పాటదారు స్వయంగా వచ్చాడు. పెద్దమనిషి. తెల్లపంచె, గొడుగు, మెత్తటి మాట. సంతలో ముప్పాతిక కొట్లు ఆయన స్థలంలోనే ఉన్నాయి. ఆయన వద్దంటే ఆ ఊళ్ళో బోర్డులప్పకి రాయడానికి ఒక్క బోర్డు ఉండదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఆయనకీ తెలుసు. నేను ఆయన పెరట్లో గదిలోనే అద్దెకుండేవాణ్ణన్నది ఈపాటికి నేను చెప్పి ఉండవలసింది.

మధ్యాహ్నం, సంత నిండుగా ఉంది. బోర్డులప్ప చిలకాయన పక్కనే కూర్చుని ఒక కాఫీ హోటలు బోర్డు రాస్తోంది. పాటదారు ఆ అట్ట చూపించమన్నాడు. చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని బాగా చూశాడు.

"ఇదేటమ్మా, నా సెయ్యి ఇలగుంటాదా? ఉంగరం ఏదీ?"

చుట్ట బయటికి వచ్చింది. "ఇది తమరి సెయ్యని నానన్నేదు బాబూ. తమరే అన్నారు. ఉంగరం కావాలంటే ఏత్తాను, సెయ్యిలా సాపండి."

చెప్పినా ఎవరూ నమ్మరు, ఆయన చాపాడు. బొమ్మ గియ్యడానికి చెయ్యి చాపమంటే ఎవరైనా చాపుతారేమో. అయిదు వేళ్ళూ విప్పి, బోర్లించి, అచ్చం అట్టలో ఉన్నట్టే. ఆమె గోటితో ఇంత పసుపు తీసి, చూసుకుంటూ, అట్టలో చేతికి ఉంగరం పెట్టింది. పచ్చరాయి కూడా మరిచిపోలేదు, ఆకు నలిపి వేసింది. అప్పటికి చుట్టూ యాభైమంది ఉన్నారు. అల్లం ఆవిడ ముందు నవ్వింది. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో లెక్కపెట్టడం తేలిక.

పాటదారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముఖం ఎర్రబడింది. చుట్టూ చూస్తే తెల్లచొక్కా వాణ్ణి నేనొక్కణ్ణే కనబడ్డాను.

"బాబూ, సదువుకున్నోరు మీరు. మీరు సెప్పండి. ఇదెవరి సెయ్యి?"

సంత మొత్తం నా వైపు తిరిగింది. బోర్డులప్ప కూడా. చుట్ట ఆమె వేళ్ళ మధ్యే ఉంది, ఇంకా నోట్లోకి పోలేదు. నేను గొంతు సవరించుకుని, "చేతుల సంగతి హస్తసాముద్రికం వాళ్ళు చూడాలండీ. చిలకది వేరే డిపార్టుమెంటు" అన్నాను.

బాగా పేలింది. అందరూ నవ్వారు. పాటదారు కూడా నవ్వాడు, అందరికంటే ఎక్కువసేపు. ఆ నవ్వులో ఆయన పోగొట్టుకున్న ముఖం ఆయనకి మళ్ళీ దొరికింది. నవ్వుతూనే తన మనిషికి సైగ చేశాడు. అతను ముప్ఫై రెండట్టలూ పోగుచేసి పక్కనున్న పకోడీల పొయ్యిలో పెట్టాడు. వచ్చే వారం సంతలో నలుగురి ముందు ఆ బొమ్మ తప్పని ఒప్పుకుంటే బోర్డులు రాసుకోవచ్చనీ, లేకపోతే నిచ్చెన తీసుకుని కొండ దిగొచ్చనీ పాటదారు మెత్తగా చెప్పి వెళ్ళాడు.

ఆమె అట్టలు కాలుతుంటే వంగి చూసింది, పసుపు ఎలా మండుతుందో తెలుసుకోవాలన్నట్టు. చుట్ట నోట్లో పెట్టుకుంది. కాఫీ హోటలు బోర్డులో మిగిలిన అక్షరం పూర్తిచేసింది. నా వైపు మాత్రం చూడలేదు.

ఆ పై శుక్రవారం ఎవరూ బేరాల మీద మనసు పెట్టలేదు. బోర్డులప్ప వచ్చి తన చోట కూర్చుంది. చిలకాయన కట్ట విప్పాడు. ముప్ఫై రెండట్టలు, అన్నిటికీ తెల్లసుద్ద పూసి ఉంది. బొమ్మలు లేవు. ఒక్కదాని మీద గీత కూడా లేదు. పాటదారు, ఆయన మనుషులు, నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డారు. ఒప్పుకోలు వినడానికి వచ్చారు.

అల్లం ఆవిడ వచ్చి కూర్చుంది. కలెక్టరు మొదటి పిలుపుకే బయటికి వచ్చి, ముక్కుతో ఒకటి లాగి పడేసింది. చిలకాయన దాన్ని తిప్పిచూసి పైకెత్తి పట్టుకున్నాడు. తెల్లటి అట్ట. ఆవిడ దాన్ని తీసుకుని, ఎండలోకి పెట్టి, తాపీగా చూసింది.

"సెయ్యొచ్చింది" అంది. "ఉంగరం కూడా ఉన్నాది."

పక్కావిడకి పనసపండు వచ్చింది. ఆ పక్కావిడకి మళ్ళీ చెయ్యి. తెల్ల అట్టలు చేతులు మారుతున్నాయి, ఎవరికి ఏం వచ్చిందో వాళ్ళు చెబుతున్నారు, మిగిలినవాళ్ళు అవునంటున్నారు. కింద అక్షరాలు లేవు గనక ప్రతి బొమ్మా అందరికీ కంఠతా వచ్చేసింది. నా ముప్ఫై రెండు చమత్కారాలూ ఉండి ఉంటే కాలిపోయేవి. పాటదారు మనిషి ఒక అడుగు ముందుకి వేసి, తెల్ల అట్ట చూసి, ఆగాడు. ఖాళీ అట్ట మీద ఫిర్యాదు రాయడం ఎంత కష్టమో గుమస్తాగా నేను చెప్పగలను. పొయ్యిలో పెడితే, ఏం చూసి పెట్టావని అడుగుతారు.

పాటదారు బోర్డులప్పని అడిగాడు, ఏమమ్మా, ఒప్పుకుంటావా అని. ఆమె చుట్ట తీసింది.

"నానేటీ గియ్యనేదు కదా బాబూ."

ఆ ఏడాది సంతలో ఆమెకి బోర్డులు లేవు. సుంకరమెట్ట దాకా నిచ్చెన మోసుకెళ్ళి రాసుకునేది. దిగిపొమ్మన్నారు, దిగలేదు. ఆ రేకుల పంచ తీసేస్తే నాలుగు రోజుల్లో పక్కనే వేసుకుంది. బుట్టల్లో చేతులు పెట్టడం ఆగిపోయిందని కొన్ని చోట్ల నేను చెప్పిన మాట నిజం కాదు. రెండు చేతులు పెట్టేవాళ్ళు ఒక చెయ్యి పెట్టడం మొదలుపెట్టారు, అటూ ఇటూ చూసుకుని. ఇంతకన్నా పెద్ద పేరున్న ఉద్యమాలు ఇంతకన్నా తక్కువ సాధించడం నేను పేపర్లో చదివాను.

సుద్ద అట్టల మీద వారానికొకటి చొప్పున ఆమె మళ్ళీ బొమ్మలు వేసింది. బస్సు, పిల్లి, జీపు, మంచం అన్నీ తిరిగి వచ్చాయి. చెయ్యి మాత్రం వెయ్యలేదు. ఆ ఒక్క అట్ట తెల్లగానే ఉంచింది. ఎందుకని అడిగితే, "అదయిపోయింది కదేటి" అంది.

చివరి అట్ట పూర్తిచేసిన రోజు నన్ను పిలిచి చూపించింది. ఒక కుర్చీ, కుర్చీలో తెల్లచొక్కా మనిషి, జేబులో కలం. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. కుర్చీ వెనక పొయ్యి మండుతోంది. అతను అటు చూడటం లేదు. ముక్కు మీద పుట్టుమచ్చ కూడా వేసింది.

చుట్ట తీసి చేత్తో పట్టుకుని, నా ముఖం చూస్తూ కూర్చుంది. ఆమె చుట్ట అంతసేపు బయట ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. తన చెయ్యేనని చెప్పి పాటదారు ఎలా బోర్లాపడ్డాడో నాకు గుర్తుంది. నేను చదువుకున్నవాణ్ణి.

"బాగుంది అప్పా" అన్నాను. "ఎవరో పాపం."

"ఊఁ" అంది. పొట్టిది. చుట్ట నోట్లోకి వెళ్ళిపోయింది. తర్వాత నాకు బదిలీ అయింది.

మొన్న టీ తాగి సంతకి నడిచాను. శుక్రవారమే. చిలకాయన ఉన్నాడు, పళ్ళు లేవు. చిలక వేరే, పేరు అదే. నన్ను గుర్తుపట్టలేదు. కూర్చున్నాను. కలెక్టరు నాకు పనసపండు తీసింది. ఇంకొకటి తియ్యమంటే జీపు తీసింది. చిలకకి నా మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ ఉన్నట్టు లేదు. కట్ట ఇమ్మని నేనే వెతికాను. అట్టల అంచులు మెత్తబడ్డాయి, రంగులు నిలిచాయి. కుర్చీ మనిషి అడుగున ఉన్నాడు, అతని మీద ఆ తెల్ల అట్ట. రెండూ తీశాను.

"అదెవరో ఎవులికీ తెలీదు బాబూ. అప్ప సెప్పనేదు" అన్నాడు చిలకాయన.

"నేనే" అన్నాను.

అతను అట్టనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. పుట్టుమచ్చ దగ్గర ఆగాడు. పక్కన బుట్టల దగ్గర ఆశీలు వసూలు చేస్తున్న మనిషి ఒకడు, గొడవేమిటో చూద్దామని వచ్చి నిలబడ్డాడు. ఈసారి సంత పాడుకున్నాయన ఎవరో నాకు తెలియదు. అతని వేళ్ళకి అల్లం మట్టి అంటి ఉంది. నా చేతిలో ఉన్న తెల్ల అట్ట చూసి, అందులో ఏమీ లేదేమని అడిగాడు.

చెయ్యి ఉందన్నాను.

"ఎవరి సెయ్యండీ?"

చుట్టూ బుట్టల ముందు కూర్చున్న ఆడవాళ్ళు తలలెత్తారు. అప్పుడు నన్ను అడిగిన ప్రశ్నే. నాకు అలవాటు చొప్పున నాలుక కొస మీదికి ఒక మంచి జోకు వచ్చింది. దాన్ని మింగాను, నోట్లో నిప్పు ఉన్నవాడిలా. తర్వాత అతని మట్టి వేళ్ళు చూపిస్తూ చెప్పాను, ఎవరి చెయ్యో, అప్పుడెవరిదో, ఇప్పుడెవరిదో, సంత చివరిదాకా వినబడేటట్టు.

ఎవరూ నవ్వలేదు.